దీపాలు పెట్టాక తోడు

శ్రావణ శుక్రవారం కదా అని మోహిని పొద్దున్నే ఇత్తడి సామానంతా చింతపండుతో తళతళా తోమింది. జల్లెడకు తోడు వేద్దామని సందెవేళ చూసుకుంటే, తోడుగిన్నె కూడా తోమేసి వాటిలోనే బోర్లించి ఉంది. నెత్తి కొట్టుకుంది.

అది పెరుగు తోడు కాదు, ప్రాణమున్న తోడు. పాలలాంటి ప్లాస్టిక్ ద్రవంలో వేస్తే చుట్టూ పొర పేరుకుంటుంది. తెల్లారి తోడును కడిగేస్తే, పొరనిండా దాని అచ్చులాంటి కన్నాలు మిగులుతాయి; అదే జల్లెడ. మొగుడు లోకనాథం రక్తాన్ని ఆ జల్లెడలోంచి పోనిస్తే, పాడైన కిడ్నీలు వదిలేసిన విషం మాత్రమే వాటిలో చిక్కుతుంది. ఏ రోజు జల్లెడ ఆ రోజుకే.

పక్కింటి దాలమ్మ మొగుడిదీ అదే జబ్బు, అదే తోడు. మోహిని పరుగెత్తింది. అప్పటికే దాలమ్మ దీపం పెట్టేసింది.

"దీపాలెట్టాక తోడు ఎవులైనా ఇత్తారేటే?"

"రేపు జల్లెడ నేకపోతే మా ఆయన ఏటైపోతాడప్పా!"

దాలమ్మ లోపలికెళ్లింది. తోడుగిన్నె తెచ్చి గడప మీద పెట్టింది.

"నానైతే ఇవ్వను. పెరట్లోకి ఎల్తన్నాను. ఈలోగా దొంగెవులైనా కాసింత ఒంపుకుపోతే నా తప్పు కాదు."

తెల్లారాక గోడ అవతలి నుంచి కేక వినిపించింది.

"ఓలమ్మా! మా తోడెవులో దొంగిలించినారే! ఆ దొంగింట్లో జల్లెడ పేరుకుందా?"

జల్లెడలోంచి రక్తం సాఫీగా పోతోంది. లోకనాథం కాఫీ అడుగుతున్నాడు.

"గట్టిగా పేరుకుందప్పా!" అని అరిచి, మోహిని కొంగుతో కళ్లు తుడుచుకుంది.