మడత బస్సుకు కొత్త తిత్తి

“ఏమయ్యా, ఈ తిత్తి కొత్తగా ఉందే?”

పెద్దాఫీసు నుంచి వచ్చిన సారు బస్సు నడుమ నిలబడి అడిగాడు. ముందు పెట్టెనీ వెనక పెట్టెనీ కలిపే రబ్బరు మడతలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

“మొన్ననే వేశాను సార్. పాతది పేలికలైపోయి, వానొస్తే జనం లోపలే గొడుగులు తెరిచేవాళ్లు,” అన్నాడు మెకానిక్. డిపోలో అందరూ అతన్ని పానా బాబాయ్ అంటారు.

ఒకప్పుడు బస్సు వెనక ఇంకో పెట్టెను కట్టి లాగేవాళ్లు. తర్వాత ఇలా నడుం వంచే మడత బస్సులు వచ్చాయి. మొదట దిగినవి రెండే. ఒకటి పక్క డిపోలో మూలన పడి ఉంది, రెండోది ఇది. ఇది వచ్చిన నాడే బాబాయ్ పనిలో చేరాడు. ఇప్పుడేమో చప్పుడే చెయ్యని బ్యాటరీ మడత బస్సులు దిగాయి. పాతవి తుక్కుకేననీ, ఒక్కదాన్ని మాత్రం ఉంచుతారనీ చెవిన పడ్డప్పట్నుంచీ బాబాయ్‌కి కంటిమీద కునుకు లేదు. “దాన్నే కట్టుకోకపోయావా!” అని పెళ్లాం దెప్పినా వినకుండా, సెలవు రోజుల్లో కూడా బస్సు కిందే పడుకుని పనిచేశాడు.

“సీట్లు?” అన్నాడు సారు.

“చెక్కవి పీకేసి మెత్తవి వేశాను సార్.”

“తలుపులు?”

“అవీ కొత్తవే. మీట నొక్కితే చాలు.”

సారు మొహం ముడుచుకుంది. బస్సు నడిపే అమ్మాయి గుసగుసలాడింది. “బాబాయ్, ఆయనకి నచ్చుతున్నట్టు లేదు.”

“ఎక్కడో ఇంకా పాత వాసన కొడుతోందేమో, ఉండమ్మా!”

సారు వంగి, రెండు పెట్టెలూ తిరిగే ఇనప చట్రాన్ని తడిమాడు. “ఇదైనా అప్పటిదేనా?”

అప్పటిదే. దానికి సరిపడే కొత్తది దొరక్క బాబాయ్ రంగేసి ఊరుకున్నాడు.

“అబ్బే! అదీ మొన్నటిదే సార్. పాత మేకొక్కటి ఉంటే ఒట్టు!”

అమ్మాయి ఏదో అనబోతే కాలు తొక్కాడు.

“మరి పీకినవన్నీ?”

“కరిగించేశారు సార్. పీడా పోయింది.”

సారు లేచి చేతులు దులుపుకున్నాడు. “పక్క డిపోలోదాన్ని ఉంచుతాం. దీన్ని తుక్కుకి పంపండి.”

“అది తుప్పు కుప్ప సార్! తోస్తే కూడా కదలదు!”

సారు అప్పటికే దిగిపోయాడు. బాబాయ్ మెట్టు మీద కూలబడ్డాడు.

“నీ చేతులకి అలవాటన్నావని ఆ పాత స్టీరింగ్ మార్చకుండా వదిలేశానమ్మా. అదే కొంప ముంచింది. దాన్నీ పీకి పారేసుంటే నా బండి బతికేది.”

అమ్మాయి తల దించుకుంది. బాబాయ్ ఉండబట్టలేక లేచి పరిగెత్తాడు.

“సార్, ఒక్క వారం ఆగండి! మిగిలిందీ మార్చేస్తా!”

కారు తలుపు మీద చెయ్యేసి, సారు జాలిగా వెనక్కి తిరిగాడు.

“మ్యూజియంలో పెట్టేది పాత బస్సునయ్యా.”