నాలుగు పట్టీలు

"నా కుర్చీ మీద చెయ్యి వెయ్యకండి!"

సిసింద్రీ అరుపుకి, మంచుకొండ ఎక్కించే లిఫ్టు కోసం క్యూలో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగారు.

ఆమె వెనకాల నిలబడ్డ ముసలాయన చటుక్కున చెయ్యి తీసేశాడు.

"తప్పయిపోయిందమ్మా. పట్టీలున్నాయో లేవో చూద్దామని..."

"చూడమని నేనడిగానా?"

స్కీ జట్టులో అందరూ ఆమెని సిసింద్రీ అనే పిలుస్తారు. ఎనిమిదేళ్ల క్రితం జరిగిన ప్రమాదంలో నడుం కింద భాగం చచ్చుబడింది. అయితేనేం, అడుగున మంచు మీద జారే స్కీ పలక ఒకే ఒక్కటి బిగించిన కుర్చీలో కూర్చుని, రెండు చేతికర్రలు పట్టుకుని మంచుకొండ మీంచి ఆమె జారుతూ వస్తుంటే, కాళ్లున్నవాళ్లు పక్కకి తప్పుకోవలసిందే. నోటి వేగం అంతకు రెండింతలు.

పదకొండింటికి కొండ మీద ఎంపిక పోటీ. దానికోసం మూడేళ్లుగా ఒళ్లు హూనం చేసుకుంది.

తీగకి వేలాడే సీట్లలో మనుషుల్ని పైకి చేర్చే ఆ లిఫ్టు నడిపే మీసాలాయన కూడా కుర్చీని చూసి నసిగాడు.

"పట్టీలేవమ్మా? మధ్యలో లిఫ్టు ఆగితే నిన్ను కుర్చీతో సహా దించాలంటే అవి ఉండాలిగా."

"చేతులకి అడ్డం పడతాయండీ బాబూ! మలుపులో అర సెకను పోయిందంటే నా పని గోవిందా. గదిలో పడేసొచ్చా. అయినా మీ లిఫ్టు ఎప్పుడైనా ఆగిందా?"

"నేనొచ్చాక ఆగలేదు."

"మరింకేం? ఒక్కసారికి పోనిద్దురూ!"

మీసాలాయన అటూ ఇటూ చూశాడు.

"పోనీలే, ఎక్కమ్మా."

ఇద్దరు సాయంపట్టి ఆమె కుర్చీని లిఫ్టు సీటులో పెట్టారు. అంతలో ముసలాయన క్యూ దాటుకుని వచ్చి పక్కన చతికిలబడ్డాడు. మీసాలాయన అడ్డు చెప్పలేదు.

"మళ్లీ మీరేనా! నా ఖర్మ."

ముసలాయన కాళ్లకి మామూలు బూట్లే. ఒళ్లో పాత సంచీ.

"స్కీలు లేకుండా పైకెళ్లి ఏం చేస్తారు?"

"ఏముందమ్మా, తిరిగొస్తాను."

"సంచీలో ఏంటి, భోజనమా?"

ఆయన సంచీని గుండెలకి హత్తుకున్నాడు. చాదస్తం మనిషి అనుకుంది.

సగం దూరం వెళ్లారో లేదో, సీటు ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

కింద నాలుగంతస్తుల లోతు. పైన తీగ. ఈదురుగాలికి సీటు ఊగుతోంది.

పది నిమిషాలు. అరగంట.

పదకొండింటికి కొండ మీద ఈల మోగింది. పోటీ మొదలైపోయింది. సిసింద్రీకి ఏడుపు తన్నుకొచ్చింది. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. ముందుకి వెళ్లే దారి లేదు, వెనక్కి లేదు, కిందికీ లేదు.

ముసలాయన తన కోటు విప్పి ఆమె కాళ్ల మీద కప్పబోయాడు.

"నా కాళ్లకి చలి తెలీదండీ. మీరే వేసుకోండి."

"తెలీకపోవడమే ప్రమాదమమ్మా. గడ్డకట్టుకుపోతున్నా అవి నీకు చెప్పవు."

"మీ జాలి నాకొద్దు! మీలాంటివాళ్లని రోజుకి పదిమందిని చూస్తాను. అడక్కుండా చెయ్యేస్తారు, అయ్యో పాపం అంటారు, పుణ్యం మూటగట్టుకుని పోతారు."

చలికి పళ్లు టకటకలాడుతున్నా, ఆయన కోటుని ఆమె కాళ్ల చుట్టూ గట్టిగా చుట్టాడు.

మరో అరగంటకి కాపాడేవాళ్లు వచ్చారు. తీగ పట్టుకుని ఒక్కో సీటు దగ్గరికీ వచ్చి మనుషుల్ని తాళ్లతో దించుతున్నారు. వాళ్లలో ఒకడు వీళ్ల సీటు దగ్గరికి రాగానే కుర్చీని చూసి నీరుగారిపోయాడు.

"పట్టీలేవి? నా దగ్గరున్నది మామూలువాళ్లకి కట్టేది. దాంతో దించితే మీరు జారిపోతారు. కిందకెళ్లి తేవాలి. గంటన్నర పడుతుంది."

"గంటన్నరా?"

ఆ సన్నటి గొంతు తనదేనని సిసింద్రీకే నమ్మకం కలగలేదు. అంతదాకా ఉన్న కోపమంతా ఎటుపోయిందో, మిగిలింది భయమే.

ముసలాయన సంచీ విప్పాడు.

లోపల నాలుగు పట్టీలు. మడతల దగ్గర రంగు వెలిసిపోయింది. కొక్కేలకి మాత్రం ఒక్క గీత కూడా లేదు.

ఆయన కుర్చీ మీదికి వంగి, టక్కున ఆగాడు.

"చెయ్యి వెయ్యొచ్చామ్మా?"

ఆమె తలూపింది. వెతుక్కోకుండానే ఆయన వేళ్లు నాలుగు కొక్కేలూ తగిలించేశాయి.

కింద వైద్యం గదిలో నర్సు కోటు విప్పి ఆమె పాదాలు నొక్కి చూసింది.

"ఈ కోటు లేకపోతే వేళ్లు దక్కేవి కావు. ఎవరిదో గానీ దణ్ణం పెట్టుకో."

సిసింద్రీ కోటుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

మీసాలాయన తల దించుకుని లోపలికొచ్చాడు. ఆయన చేతిలో ఆ పాత సంచీ ఉంది.

"ఆయనేరి? కోటివ్వాలి. క్షమించమని అడగాలి."

"వెళ్లిపోయారమ్మా. ఇక రారట. 'ఇది ఇకనుంచీ నీ దగ్గరుండాలి' అని ఈ సంచీ నా చేతిలో పెట్టారు."

"రోజూ వచ్చేవారా?"

"కుర్చీలో ఎవరొచ్చినా సరే, టికెట్టు కొనుక్కుని పక్కన కూర్చునేవారు. తొమ్మిదేళ్లుగా ఇదే వరస."

"ఎందుకు?"

మీసాలాయన సంచీని ఆమె పక్కన పెట్టాడు.

"తొమ్మిదేళ్ల క్రితం కూడా ఇలాగే లిఫ్టు ఆగిందట. నీలాగే కుర్చీలో ఒకమ్మాయి. పట్టీల్లేవు. దించేసరికి ఐదు గంటలు పట్టింది. పిల్ల దక్కలేదు."

సిసింద్రీ కోటుని రెండు చేతులా పట్టుకుంది.

"ఆయన కూతురా?"

"కాదమ్మా. నాకంటే ముందు ఈ లిఫ్టు నడిపింది ఆయనే. ఆ రోజు ఆ పిల్లతో 'పోనీలే, ఎక్కమ్మా' అన్నది కూడా ఆయనే."