రెండో సాక్షి

"ఇరవై ఆరేళ్లకే వీలునామా ఏంటే, అపశకునం కాకపోతే!" లాయరమ్మ ముందే నాన్న విసుక్కున్నాడు.

"మా ఆయన వయసు చూసుకునే పోయాడా?" అన్నాను. ఒళ్లో పాప నా వేలు కొరుకుతోంది.

"ఇల్లు పాపకి రాశాను. మీకేమైనా అయితే పాపని పెంచేదెవరు?" అడిగింది లాయరమ్మ.

"తాతని, నేను లేనూ?" నాన్న కుర్చీ ముందుకు జరిపాడు.

"పాప మేనత్త పేరు రాయండి," అన్నాను లాయరమ్మతో.

"బస్సు తోలుకునేదానికా? నేనుండగా!"

"తను బస్సు తోలుతూనే చెల్లెల్ని డిగ్రీ చదివించింది. నువ్వుండగానే కదా నాన్నా, తొమ్మిదిలో నా బడి మాన్పించావు!"

"చదువుతానని ఒక్కసారైనా అన్నావా?"

"నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

లాయరమ్మ వైపు తిరిగాను.

"ఇంకో మాట రాయండి మేడం. పాప చాలనేదాకా చదువు ఆపకూడదు."

లాయరమ్మ రాసింది. నేను సంతకం పెట్టాను. గుమాస్తా ఒక సాక్షి. ఇంకొకరు కావాలి. ఎవరినైనా పిలుద్దామని లేచాను.

నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఆ చివరి వాక్యం కింద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

"కూర్చో. పెన్నిలా ఇవ్వు. రేపు నేనే అడ్డుపడితే ఈ కాగితం నా మొహాన కొట్టు."

"కొడతాను నాన్నా," అని పెన్నిచ్చాను.