మేడ పెరట్లో ఎంగిలాకులు

“మా తాతగారి మేడలో పెళ్లంటే వెయ్యి విస్తళ్లు లేచేవి, వీరవేణీ! ఆ ఎంగిలాకుల కోసం పెరట్లో మీవాళ్లు కొట్టుకునేవారు. ఛీ, చూస్తే వాంతొచ్చేది!” అంటూ కొత్త డ్రైవరు శ్రీనివాసరాజు పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

బహ్రెయిన్‌లో ఇద్దర్నీ పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్ ఇంటి వంటగది అది. అతిథులంతా చుట్టూ కూర్చుని తిని లేచిన పెద్ద పళ్లెం. మాంసం ముక్క మీద పంటిగాట్లున్నాయి. గిన్నెలు తోముతున్న వీరవేణికి ఆ మేడ పెరట్లోనే ఆకులేరిన తల్లి గుర్తొచ్చింది. అయినా, పాపం తెలియక తింటున్నాడనుకుంది.

“అది వాళ్ల ఎంగిలండీ, రాజుగారూ.”

“తెలుసులేవే. పొద్దుట్నుంచీ డ్యూటీ. ఆకలేస్తుంటే ఎంగిలేంటి?”

“మా అమ్మకీ ఆకలేనండి,” అంది వీరవేణి.

రాజు దవడ ఆగింది. తర్వాత తలొంచుకుని మళ్లీ నమిలాడు.