వెనకాల వచ్చే బండి

ఉప్పుగూడ నుంచి జల్‌పల్లి దాకా ఐదు కిలోమీటర్ల పరుగు. అందరికంటే వెనక రాజమణి ఉంది. రాజమణి వెనక పసుపు రంగు స్కూలు వ్యాన్ ఉంది.

ఆదివారం కాబట్టి ఆ వ్యాన్‌లో బడి పిల్లల్లేరు. ఇవాళ దాని పని ఒక్కటే, చేతకాక కూలబడ్డవాళ్లను ఎక్కించుకోవడం. అది ఎవరినైనా దాటిపోయిందంటే వాళ్ల పరుగు అక్కడితో సరి. ఛాతీ మీది నంబరు తీసిచ్చేసి బుద్ధిగా ఎక్కి కూర్చోవాలి.

రాజమణికి ఇలాంటి బండ్లు కొత్త కాదు. మొదటిసారి పరుగులో రెండో కిలోమీటరు దగ్గర ఎక్కింది. రెండోసారి మూడో కిలోమీటరు దగ్గర. వయసు నలభై తొమ్మిది. ఇరవై ఏళ్లుగా పాల దుకాణంలో కూర్చున్న ఒళ్లు. మేడ మెట్లెక్కితేనే ఆయాసం. అయినా ఊరుకుందా? ఈసారి కూడా బండెక్కితే బూట్లు ఎవరికైనా ఇచ్చేసి మళ్లీ పరుగు మాటెత్తనని, పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్లందరి ముందూ ఒట్టేసింది.

పరుగు నేర్పే నందిని ఆమెకు చెప్పింది ఒక్కటే మాట. "ఆంటీ, మాట్లాడుకుంట ఉరకాలె. మాట రాకుంటే జోరెక్కువైనట్టు. జర తగ్గించాలె."

కానీ విజిల్ ఊదగానే జనమంతా ఎగబడి పరిగెత్తుతుంటే ఎవరికి గుర్తుంటుంది! రాజమణి కూడా ఎగబడింది. మొదటి కిలోమీటరు దాటకముందే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. కళ్లు బైర్లు కమ్మాయి.

వ్యాన్ దగ్గరికొచ్చింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏం మేడమ్, అయిపోయిందా? ఎక్కున్రి. మెత్తటి సీటు. ఫ్యాన్ గూడ ఉంది."

రాజమణి నోరు తెరిచింది. మాట రాలేదు. తిట్టడానికైనా ఊపిరి కావాలి కదా. అడుగు నెమ్మది చేసి నాలుగు గుక్కలు గాలి పీల్చుకుంది.

"నువ్వే... కూసో... నీ సీట్ల!"

"కూసున్న గద మేడమ్, పొద్దుగాల ఐదింటి సంది."

డ్రైవర్ పక్కన కూర్చున్న ప్రహ్లాద్‌కు ఒళ్లు మండింది. ఈ పరుగు ఏర్పాటు చేసినవాళ్లలో ఆయన పెద్ద. "ఏందయ్యా, ఆడమనిషితోటి గా మాటలేంది?" అన్నాడు.

డ్రైవర్ వింటేగా! "మీ దుకాణం పాలు తాగినోళ్లు ఇంకెట్ల ఉరుకుతరు మేడమ్? అన్ని నీళ్లేనాయె!"

రాజమణికి ఎక్కడో కాలింది.

"నీళ్లా? మా బర్రెల ముంగట నిలబడి అను గా మాట! మీగడ చూసినవా ఎన్నడన్న? చెంచా నిలబడ్తది అండ్ల!"

ఇంత పొడుగు మాట ఎక్కడా ఆగకుండా వచ్చింది. పిల్లికూతలు ఎప్పుడు పోయాయో ఆమె గమనించలేదు. అతను వెన్న అంటే ఈమె నెయ్యి అంది. అతను గ్లాసు అంటే ఈమె బిందె అంది. ఆ లొల్లిలో రెండో కిలోమీటరు పోయింది. మూడోదీ పోయింది.

నాలుగు దాటాక ప్రహ్లాద్ గడియారం చూసుకున్నాడు. ఏడున్నరకల్లా రోడ్డు వదిలేస్తామని పోలీసులకు మాటిచ్చాడు.

"పాపం మంచిగనే ఉరుకుతున్నది. గని టైమ్ లేదు. దాటెయ్ ఇగ."

డ్రైవర్ గేరు మార్చాడు. వ్యాన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"పాత బండి సార్. జర దొబ్బాలె."

ప్రహ్లాద్ దిగి తోశాడు. బందోబస్తుకు నిలబడ్డ ఇద్దరు కానిస్టేబుళ్లూ తోశారు. రాజమణి వెనక్కి తిరిగి చూసి పకపకా నవ్వింది. నవ్వడానికి కూడా ఊపిరి మిగిలిందని ఆమెకే ఆశ్చర్యం.

"ఏమయ్యో! నన్ను ఎక్కిస్తనంటివి? నేనే రావాల్నా తోయనీకె?"

బండి కదిలింది. ఆమెను అందుకోబోయే సమయానికి మలుపు దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి డ్రైవర్ దిగి బానెట్ ఎత్తి, అందులో ఏదో వింత ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. ప్రహ్లాద్ నెత్తి పట్టుకున్నాడు.

ముందు, పరుగు ముగిసే గీత దగ్గర, మర్ఫా డప్పులు వినిపిస్తున్నాయి. కాళ్లు బరువెక్కాయి, గొంతు ఎండింది. కానీ ఊపిరి ఆడుతోంది. వందడుగులు. యాభై. డప్పులు కొట్టే దస్తగీర్ ఆమెను చూసి కేక పెట్టాడు.

"ఆజా ఆపా, ఆజా! రా అక్కా!"

ఏడూ ఇరవై తొమ్మిదికి రాజమణి గీత దాటింది.

ఎవరో మెడలో మెడల్ వేశారు. అది నిజంగా తన మెడేనా అని రెండుసార్లు తడిమి చూసుకుంది. తర్వాత ఇక ఆగలేదు. డప్పుల మధ్యకు పోయి, నాలుగు చిందులేసి, పక్కన నిలబడ్డ ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లందరినీ కావలించుకుంది. పట్టరాని సంతోషం.

అవతల వ్యాన్ ఒక్క తిప్పుకే స్టార్టయి మెల్లగా వచ్చి ఆగింది. దాంట్లోంచి చొక్కా తడిసి ముద్దయిన ప్రహ్లాద్ కాగితం, పెన్నూ పట్టుకుని దిగాడు.

"ఏమనుకోకు అక్కా. తొవ్వ పొడుగునా నిన్ను సతాయించిండు. వీని మీద ఓనర్‌కు కంప్లైంట్ రాస్తున్న."

"రాయున్రి సారూ. పాలల్ల నీళ్లన్నడు. గది జర పెద్దగ రాయున్రి."

"మీ ఉప్పుగూడోడే అంట గద. పేరేంది వానిది?"

తొవ్వంతా నోరు మూయని రాజమణి చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుతో మెలికలు తిరిగిపోతూ, "అయ్యో సారూ, మొగుని పేరు పెండ్లాం నోటితోని ఎట్ల చెప్తది!" అంది.