పాలపుంతకి చిల్లు

ఆకాశానికి చిల్లు పడింది. వాన సంగతి కాదు. మురళీమోహన్ కంప్యూటర్ తెర మీద పాలపుంతకి నిజంగానే చిల్లు పడింది.

ఆయన రాజాంలో ఫిజిక్స్ లెక్చరర్. నక్షత్రాల పిచ్చి. ఆకాశమంతా ఒక్క ఫొటోలో పట్టదు కదా, ముక్కలు ముక్కలుగా తీసి, అతుకు కనబడకుండా కలుపుతాడు. ఎల్లుండి కాలేజీ సైన్స్ ఫెయిర్‌కి గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టాలి. అన్ని ముక్కలూ కలిశాయి. దక్షిణం వైపు అడుగు ముక్క ఒక్కటే మొండికేసింది. చుక్కలుండాల్సిన చోట నల్లటి మచ్చ.

మబ్బు కాదు, మబ్బుకి ఇంత పదునైన అంచు ఉండదు. లెన్సు మీద మరకా కాదు, తుడిచి మళ్ళీ తీశాడు. చెట్టు అందామంటే తను ఫొటోలు తీసే చేలో చెట్టే లేదు. ఊరి దీపాల వెలుతురు సోకని సొంత చేను. నిరుడు మొక్కజొన్న వేశాడు, ఈ ఏడు బీడు పెట్టేశాడు. చుక్కల కోసం పంట మానేశాడని ఊళ్ళో నవ్వుకున్నారు. దక్షిణం గట్టున ఉన్న మట్టిదిబ్బ వైపు కెమెరా తిప్పి, దాని పనికి దాన్ని వదిలేసి, షెడ్డులో తలుపేసుకుని పడుకుంటాడు. బయట ఏదో బరువుగా ఊపిరి తీస్తున్నట్టుండేది. గాలే అనుకునేవాడు. లేచి చూడ్డానికి మాత్రం ధైర్యం చాలేది కాదు.

"మళ్ళీ ఆ సేనికే ఎల్లినావేటి బావా?" టీ గ్లాసు పెడుతూ అడిగింది భార్య ధనలక్ష్మి.

"అంత సీకటి ఇంకెక్కడుందే?"

"సీకటే కావాలంటే ఇంట్లో కళ్ళు మూసుకో. ఆ దిబ్బకాడికి మాత్రం ఎల్లకు. నీకు దణ్ణం పెడతాను."

"ఎల్లుండే ఫ్లెక్సీ. ఈ ముక్క అతక్కపోతే పరువు పోతాది."

ఆమె తెర వైపైనా చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పక్క ముక్కలోంచి కాసిని చుక్కలు తెచ్చి చిల్లు పూడ్చేశాడు. అతుకు తెలియలేదు. అమ్మయ్య, ఇంక ఎవరూ కనిపెట్టలేరు.

అయినా మనసు ఊరుకోలేదు. అసలు ఫొటోలు వరసగా తెరిచాడు. ఒకదానికీ ఇంకోదానికీ మచ్చ అంచు కాస్త కదిలింది. వెలుతురు పెంచాడు. మచ్చకి వీపు వచ్చింది. చేటంత చెవి వచ్చింది. తొండం వచ్చింది. అది కిందికి వాలి దిబ్బని తడుముతోంది.

ఏనుగు. ఏ రాత్రి ఫొటో చూసినా అదే ఏనుగు, అదే దిబ్బ.

"ధనం!" అని కేకేశాడు. పరిగెత్తుకొచ్చిన ధనలక్ష్మి తెర చూసి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"వచ్చీసినాది బావా," అంది. "అది వచ్చీసినాది."

పందులకని చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ తగిలి నిరుడు చచ్చిపోయిన గున్న ఏనుగుని, తామిద్దరే రాత్రికి రాత్రి మట్టి పోసి ఆ దిబ్బ కింద కప్పెట్టిన సంగతి మూడో కంటికి తెలియదనే ఇన్నాళ్ళూ అనుకున్నారు.