కిటికీలు తెరిచి ఏసీ

జూలై నెల, మిట్టమధ్యాహ్నం. చివరింటి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఏసీ రొద పెడుతోంది.

అది చూసి ఎల్ఫ్రీడాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తోటలో కలుపు తీస్తున్న మనిషి, మట్టి చేతులతోనే వెళ్లి తలుపు బాదింది.

"ఏమయ్యా, బుద్ధుందా? వీధికి ఏసీ వేస్తున్నావా?"

తలుపు తీసింది ఐనర్. మే నెలలో అద్దెకు దిగిన డెబ్బై ఏళ్ల ఒంటరి మనిషి. ఎక్కడో ఉత్తరాన సరస్సు ఒడ్డు ఊరట. అంతకుమించి ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా.

"వేడిగా ఉందమ్మా."

"వేడిగా ఉంటే కిటికీలు మూసుకో!"

"మూస్తే ఇల్లు తొందరగా చల్లబడిపోతుంది. ఏసీ ఆగిపోతుంది."

ఇలాంటి జవాబు ఎల్ఫ్రీడా పుట్టి బుద్ధెరిగి వినలేదు.

మానిటోబాలో, పొలాల అంచున ఉన్న ఆ వీధిలో నాలుగే ఇళ్లు. నాలుగింటికీ కలిపి భూమిలోకి బోర్లు వేసి గొట్టాలు దింపారు. చలికాలంలో నేలలోని వేడి ఆ గొట్టాల నీళ్లతో పైకొస్తే, ఇంటింటికీ ఉన్న హీట్ పంపు దాంతో ఇంటిని వెచ్చబెడుతుంది. ఎండాకాలం ఏసీ నడిచేదీ ఆ పంపులతో, ఆ గొట్టాలతోనే. అలాంటిది కిందటి ఫిబ్రవరిలో, మైనస్ ముప్పై ఎనిమిదిలో, నాలుగు హీట్ పంపులూ చేతులెత్తేశాయి. ఆ సంగతి జిల్లా పేపర్లో కూడా పడింది. ఎల్ఫ్రీడా భర్త అబ్రమ్‌వి అసలే రోగిష్టి ఊపిరితిత్తులు. ఆ చలికి మూడు వారాలు ఆసుపత్రిలో పడి, బతికి బయటపడ్డాడు.

తర్వాతి ఆదివారం కాఫీ, బన్నుల దగ్గర కూర్చుని వీధివాళ్లు ఒట్టు పెట్టుకున్నారు. ఎండాకాలం ఏసీ ఎప్పుడో తప్ప వేసేవాళ్లు కారు. ఇక అసలే వద్దు. భూమిని ఇప్పుడే వాడేస్తే చలికాలానికి ఏం మిగులుతుంది? వంటకు వాడిన రేకు కాగితాన్ని కడిగి ఆరేసుకునే మనుషులు వాళ్లు. భూమినీ అలాగే దాచుకుందామనుకున్నారు.

ఆ ఒట్టును ఈ అద్దెమనిషి గంగలో కలిపాడు.

"మా ఆయన ప్రాణం ఆ కిటికీల్లోంచి పారబోస్తున్నావు, తెలుసా?" అంది ఎల్ఫ్రీడా.

"చలికాలం కోసమేనమ్మా నేను చేసేది. ఈ ఎండంతా..."

"వేళాకోళాలాడుతున్నావా నాతో?"

ఐనర్ ఇంకేదో చెప్పబోయాడు. ఆమె మొహం చూసి తల దించుకున్నాడు.

ఆ రోజు నుంచి వీధిలో అతణ్ని పలకరించినవాళ్లు లేరు. అతను కొట్టుకు వెళ్లినప్పుడు ఎల్ఫ్రీడాయే వెళ్లి బయటినుంచి కిటికీలు మూసేసి వచ్చేది. అతను తిరిగొచ్చి, ఏమీ అనకుండా మళ్లీ తెరిచేవాడు. ఆ ఓపిక చూస్తే ఆమెకు ఇంకా ఒళ్లు మండేది.

"వాణ్ని వెళ్లగొట్టవేం?" అని ఇంటి యజమాని కార్నీ మీద పడింది.

"ఏసీ వేయకూడదని అద్దె కాగితంలో రాయలేదక్కా. మేలో గడువు తీరుతుంది, అందాకా ఓపిక పట్టు."

చలికాలం వచ్చింది. ఈసారి హీట్ పంపులు ఒక్క రోజూ మొరాయించలేదు. అబ్రమ్ కిటికీ పక్కన వెచ్చగా కూర్చుని, దగ్గకుండా కాఫీ తాగాడు.

"చూశావా మన పొదుపు!" అంది ఎల్ఫ్రీడా. "ఆ దుబారా మనిషి లేకపోతే ఇంకా బాగుండేది."

మే నెలలో ఖాళీ చేయమని ఉత్తరం ఆమే రాసింది. కార్నీ సంతకం పెట్టాడంతే. తీసుకెళ్లి ఇచ్చింది కూడా ఆమే.

ఐనర్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"ఇంకో రెండు మూడు వేసవులు ఉండనివ్వండమ్మా. మీకు పుణ్యముంటుంది."

"ఒక్క పూట కూడా వద్దు. నీ పీడ విరగడైతే అదే మాకు పుణ్యం."

అతను రెండు పెట్టెలు కారులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

ఆ ఎండాకాలం నాలుగిళ్లలోనూ ఏసీ చప్పుడు లేదు. ఎల్ఫ్రీడా చెమటలు తుడుచుకుంటూ కూడా హాయిగా నిద్రపోయింది.

ఫిబ్రవరిలో పంపులు మళ్లీ ఆగిపోయాయి. అబ్రమ్‌ను మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసారి ఆక్సిజన్ పెట్టారు.

మెకానిక్ రోండా వచ్చి, పంపు గదిలో గొట్టం మీది మీటరు చూసి పెదవి విరిచింది.

"ఎండాకాలం ఏసీలు వేయరా ఆంటీ?"

"ఒక్క రోజు కూడా!" అంది ఎల్ఫ్రీడా గర్వంగా.

"అదే కొంప ముంచింది. ఏసీ లాగిన వేడి ఎక్కడికి పోతుందనుకున్నారు? ఈ గొట్టాల్లోంచి భూమిలోకే. ఎండాకాలం పెడితేనే కదా, చలికాలం తీసుకునేది? ఏళ్ల తరబడి తీయడమే గానీ పెట్టింది లేదు."

ఎల్ఫ్రీడా వంగి తనూ ఆ మీటరు చూసింది.

"మరి... కిందటి చలికాలం బాగానే ఉంది కదా?"

"అయితే దానికి ముందు వేసవిలో ఎవరో పగలూ రాత్రీ ఏసీ నడిపుంటారు. అదీ కిటికీలు తెరిచిపెట్టి. లేకపోతే అంత వేడి కిందికి దిగదు. ఎవరో గానీ బాగా తెలిసినవాళ్లే."

ఎల్ఫ్రీడాకు తన చేతులతో మూసిన ఆ కిటికీలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది. దాన్ని కోపంగా మార్చుకోవడం ఆమెకు అలవాటు.

"అసలు ఈ దరిద్రం మాకే ఎందుకు పట్టింది?"

"బోర్లు తక్కువ ఆంటీ. ఎనిమిది వేయాల్సిన చోట ఆరే వేశారు."

"ఆరు చాలని ఎవడు చెప్పాడు?"

రోండా గోడకున్న రేకు డబ్బా తెరిచి, పాత నక్షా తీసి ఆమె చేతికిచ్చింది.

ఇరవై రెండేళ్ల కిందటి ఆ కాగితం అడుగున, 'ఆరు బోర్లు సరిపోతాయి' అన్న మాట కింద ఉన్న ఇంజనీరు సంతకం, ఖాళీ చేయమన్న ఉత్తరం మీద ఎల్ఫ్రీడా తన చేత్తో రాసిన పేరే: ఐనర్ స్వేన్‌సన్.